అరిసెల లెక్క: జీతం వదిలి ఇంటి వ్యాపారంలోకి వచ్చిన ఒక కేసు

నేపథ్యం

ఒడిశా సరిహద్దు జిల్లాలైన గజపతి, రాయగడలలో చిన్న వ్యాపారుల లెక్కలు సరిచూడడం, నమోదులు చేయించడం, రుణం కావలసినవారికి బ్యాంకు కాగితాలు సిద్ధం చేయడం నా వృత్తి. కొన్నేళ్లుగా నా దగ్గరికి ఒక తరహా మనుషులు ఎక్కువగా వస్తున్నారు. వీరు నెల జీతం మీద ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు ఇంట్లో ఏదో ఒక సరుకు తయారు చేసి అమ్ముతూ, ఇక ఉద్యోగం మానేయవచ్చునా అని అడుగుతారు. వారిలో ఒకరి కేసును, ఆమె అంగీకారంతో, ఇక్కడ రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టగల వివరాలు మార్చాను, అంకెలను కొద్దిగా సవరించాను. పట్టణం పేరు మాత్రం మార్చలేదు. ఆంధ్ర సరిహద్దు మీదున్న పర్లాకిమిడి కాక రాష్ట్రం నడిమధ్యనున్న ఊరైతే ఈ కేసులో సగం చిక్కులు వచ్చేవే కావు.

ఆమె వయసు ముప్పై ఐదుకు పైన. ఒక ప్రైవేటు సంస్థ బిల్లింగు విభాగంలో ఉద్యోగం. భర్తకు చిన్న మరమ్మతుల దుకాణం ఉంది, దాని రాబడి ఒక నెల ఉన్నట్టు మరో నెల ఉండదు. ఇద్దరు పిల్లలు బడికి వెళ్తున్నారు. ఇంట్లో అత్తగారు ఉన్నారు, పిండివంటల్లో ఆ వీధికంతటికీ పేరున్న మనిషి. పెళ్లిళ్లకూ సారెలకూ అత్తగారు చేసి ఇస్తూ వచ్చిన అరిసెలు, జంతికలు, సున్నుండలను కోడలు ప్యాకెట్లలో పెట్టి దుకాణాలకు వేయడం మొదలుపెట్టింది. వ్యాపారం అలా పుట్టింది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి పట్టణం అందులో చేరింది, కొద్ది కిలోమీటర్ల దూరంలోని పాతపట్నం మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయి ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది. వియ్యాలకు, సంతలకు, పిండివంటలకు ఆ సరిహద్దు గీతతో పని లేదు. పన్ను చట్టానికి మాత్రం ఉంది. దాని సంగతి తరువాత వస్తుంది.

వచ్చినప్పటి సమస్య

ఆమె 2024లో సంక్రాంతి వెళ్లిన తరువాత వచ్చింది. చేతిలో ఒక నోటుపుస్తకం ఉంది. సగటున నెలకు 24,000 రూపాయల అమ్మకం, 14,500 ముడిసరుకు, 9,500 లాభం అని అందులో శ్రద్ధగా రాసుకుంది. ఆమె వాదన ఇలా సాగింది: రాత్రి పూట మూడు గంటలు పనిచేస్తేనే 9,500 మిగులుతున్నప్పుడు, పగలంతా చేతిలో ఉంటే దానికి రెండింతలు మిగలాలి. జీతం కోతలు పోగా 13,500 లోపే వస్తోంది కాబట్టి ఉద్యోగంలో ఉండడమే నష్టం. భవిష్యనిధి (పీఎఫ్) డబ్బు తీసి పెట్టుబడి పెడదామని, ఒక పెద్ద జంతికల యంత్రానికి బ్యాంకు రుణం తీసుకుందామని కూడా అప్పటికే అనుకుంది.

అయితే ఆ సంక్రాంతికి జరిగినది ఈ వాదనకు సరిపడలేదు. పండుగకు ముందు జీతం లేని సెలవు పెట్టి, సరుకు రెండింతలు చేసి, గీతకు అటూ ఇటూ ఉన్న దుకాణాలకు వేసింది. అమ్మకం పెరిగింది గానీ ఫిబ్రవరి వచ్చేసరికి చేతిలో డబ్బు లేదు. దుకాణదారుల వద్ద 21,000 బాకీ నిలిచిపోయింది, తిరిగి వచ్చిన ప్యాకెట్లు ఇంట్లో మూలన పడి ఉన్నాయి. దీన్ని ఆమె దుకాణదారుల దుర్బుద్ధికి ఆపాదించింది. అది కొంత నిజమే కావచ్చు, కానీ ఆ ఒక్క కారణంతో లెక్క తెగదు.

ఉద్యోగం వదలాలా వద్దా అనే ప్రశ్నకు నేను వెంటనే జవాబు ఇవ్వను. అప్పటికి ఆ ప్రశ్నకు కావలసిన సమాచారం అడిగినవారి దగ్గర ఉండదు. ఇక్కడ కూడా మొదట రెండు సంగతులు తేల్చుకోవాలనుకున్నాను: ఉద్యోగం నిజంగా ఎంత ఇస్తోంది, వ్యాపారం నిజంగా ఎంత ఇస్తోంది.

రెండు లెక్కలు

ఉద్యోగం లెక్క సులువు. మొత్తం జీతం 15,000, అందులో మూలవేతనం, కరువుభత్యం కలిపి 11,700. భవిష్యనిధికి ఆమె వాటా 12 శాతం, అంటే 1,404, వృత్తిపన్ను 125 పోగా చేతికి 13,471 వస్తోంది. అంతే మొత్తం, మరో 1,404, యజమాని వాటాగా జమ అవుతోంది. దాన్ని ఆమె ఎప్పుడూ జీతంగా లెక్కించలేదు. దీనికి గ్రాట్యుటీని, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు యజమాని ఇచ్చే మొత్తాన్ని, కలపాలి. అప్పుడు అమలులో ఉన్న 1972 చట్టం ప్రకారం అయిదేళ్ల నిరంతర సేవ పూర్తయితే, ఆఖరి నెల మూలవేతనం, కరువుభత్యాల మొత్తాన్ని 26తో భాగించి 15తో గుణించి, వచ్చినదాన్ని సేవా సంవత్సరాలతో హెచ్చవేస్తారు. ఆమె విషయంలో ఏడాదికి 6,750, అయిదేళ్లకు 33,750 అవుతుంది. అన్నీ కలిపితే ఉద్యోగం విలువ నెలకు సుమారు 17,000. నెలకు 208 గంటల పనికి ఇది గంటకు దాదాపు 82 రూపాయలు.

ఆమెకు అయిదేళ్లు నిండడానికి అప్పటికి ఇంకా ఏడెనిమిది నెలలు ఉన్నాయి. మార్చిలో రాజీనామా ఇస్తే ఆ 33,750 పోతుంది. సెప్టెంబరు దాటాక ఇస్తే అది హక్కు, చెల్లించవలసిన రోజు నుంచి 30 రోజుల్లోపు యజమాని ఇవ్వాలి. ఇంత చిన్న సంగతి ఎంతమంది తెలియక పోగొట్టుకుంటారో ఈ పనిలో ఉన్నవారికే తెలుస్తుంది. భవిష్యనిధిని ముట్టవద్దని చెప్పడానికీ ఇదే తరహా కారణం. అయిదేళ్ల సేవకు ముందు తీస్తే పన్ను పడే అవకాశం ఉంది. పింఛనుకు పదేళ్ల సేవ కావాలి. రేపు మరో ఉద్యోగంలో చేరవలసి వస్తే ఈ సేవాకాలం అక్కడికి కలుస్తుంది.

వ్యాపారం లెక్కకు కొంత సమయం పట్టింది. నోటుపుస్తకంలో రాసినది తప్పు కాదు, రాయనిది చాలా ఉంది. గ్యాసు ఇంటి సిలిండరు నుంచే వాడుతున్నారు. అది 1,600. వ్యాపారానికి ఇంటి సిలిండరు వాడకూడదన్నది వేరే సంగతి. కవర్లు, లేబుళ్లు 900. ఆటో, బస్సు పార్శిళ్లు 1,200. తిరిగి వచ్చిన సరుకు 1,800. ఇవన్నీ కలిపి 5,500 తీసేస్తే 9,500లో మిగిలేది 4,000. అందులోంచి అత్తగారి శ్రమకు కూలి వేయాలి. ఆవిడ నెలకు సుమారు 80 గంటలు పొయ్యి దగ్గర ఉంటున్నారు. వంటసాయానికి వచ్చే మనిషికి ఊళ్లో ఇచ్చే లెక్కన గంటకు 40 వేసినా 3,200. మిగిలినది 800. కోడలి తొంభై గంటల శ్రమకు ప్రతిఫలం అదే.

ఈ లెక్క చూపిస్తున్నప్పుడు అత్తగారు పక్కనే ఉన్నారు. “నా రెక్కలకు కూలి ఎవరు కట్టారు బాబూ, ఇప్పుడు మీరు కడుతున్నారు,” అన్నారు నవ్వుతూ. కోడలు నవ్వలేదు. “ఇంట్లో మనిషికి కూలేంటి సార్?” అని అడిగింది. ఇంటి మనిషికి కూలి చేతికి ఇవ్వకపోయినా లెక్కలో వేయక తప్పదు. రేపు ఆవిడకు మోకాళ్లనొప్పి వచ్చి నెల రోజులు కూర్చోలేకపోతే బయటి మనిషిని పెట్టాలి. అప్పుడు ఆ 3,200 నిజంగానే చేతి నుంచి పోతుంది.

మరొక సంగతి నోటుపుస్తకంలో కాదు, బ్యాంకు పాసుపుస్తకంలో బయటపడింది. జీతం పడిన వారంలోపే బెల్లం, నూనె, మినపప్పు కొంటున్నారు. దుకాణాల నుంచి రావలసిన డబ్బు నెలల తరబడి రాకపోయినా వ్యాపారం ఆగలేదంటే, జీతమే పెట్టుబడిగా దాన్ని నడిపిస్తోంది. నా అభిప్రాయంలో ఈ కేసుకు కీలకం ఇదే. ఏ జీతాన్ని ఆమె వదులుకోవాలనుకుంటోందో దాని మీదే వ్యాపారం నిలబడి ఉంది. జీతం ఆగిన మొదటి నెలలోనే బెల్లానికి డబ్బు ఉండదు.

ప్రయత్నించినవి, ఫలించనివి

మొదటి నిర్ణయం డబ్బు విడదీయడం. వ్యాపారానికి వేరే ఖాతా తెరిచి, ఒక్కసారికి 10,000 మాత్రం అందులో వేసి, ఇక జీతం నుంచి రూపాయి కూడా అటు వెళ్లకూడదని నియమం పెట్టుకున్నాం. అత్తగారి కూలి ప్రతి నెలా ఆవిడ ఖాతాకు పంపాలి. నియమం కఠినంగా ఉందని కుటుంబం అభ్యంతరం చెప్పింది. అయినా పట్టుబట్టాను, ఎందుకంటే ఉద్యోగం లేని రోజులు ఎలా ఉంటాయో ఉద్యోగం ఉండగానే చూడడానికి ఇంతకన్నా చవకైన మార్గం నాకు తెలియదు. రెండో నెలలోనే ఖాతా అడుగంటింది. కిలో 220కి దుకాణానికి వేసి నలభై అయిదు రోజులకు డబ్బు తీసుకునే పద్ధతి కొనసాగదని అందరికీ అర్థమైంది.

తరువాత సరుకు ఎందుకు తిరిగి వస్తోందో చూశాం. తిరిగి వచ్చిన ప్యాకెట్లన్నీ దాదాపు అరిసెలవే. నాలుగైదు రోజులకే కవరు లోపల నూనె చెమ్మ తేలి, పాత నూనె వాసన వస్తోంది. అత్తగారు పెళ్లిళ్లకు చేసి ఇచ్చేవి రెండు వారాలైనా అలా కావు. బియ్యం అదే, బెల్లం అదే, పాకం పట్టేదీ ఆవిడే. తేడా ఎక్కడుందో తెలియడానికి వేయించే ముందు, తరువాత బాణలిలోని నూనెను తూచమన్నాను. సావకాశంగా చేసిన రోజున కిలో అరిసెలకు ఖర్చైన నూనె కన్నా, రాత్రి పది దాటాక హడావిడిగా చేసిన రోజున ఖర్చైనది బాగా ఎక్కువ. కారణం చెక్కల దగ్గర ఉంది. నూనెలోంచి తీసిన అరిసెను రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కుతారు. ఆ నొక్కడం ఒకటికి రెండుసార్లు, వేడి మీద ఉండగానే జరగాలి. నిద్ర ముంచుకొచ్చే వేళకు నాలుగేసి అరిసెలు తీసి, ఒక్కసారి అదిమి పళ్లెంలో వేస్తున్నారు. పిండని నూనె రెండు విధాలుగా నష్టం చేస్తోంది: ఖర్చు పెరుగుతోంది, నిల్వ తగ్గుతోంది. ఆమె దుకాణదారుల మీద మోపిన తప్పులో కొంత భాగం ఈ చెక్కల దగ్గర తేలింది. అదే నూనెను మళ్లీ మళ్లీ కాచడం కూడా అప్పుడే మానిపించాను. వాడిన నూనెలో పోలార్ పదార్థాలు (నూనె మళ్లీ మళ్లీ కాగినప్పుడు పుట్టేవి) 25 శాతం దాటకూడదని ఆహార భద్రతా సంస్థ నియమం. ఇంట్లో దాన్ని కొలిచే సాధనం ఉండదు కనుక, రంగు తిరిగి నురగ వచ్చే దాకా ఆగకుండా ముందే మార్చేయడం క్షేమం.

సహాయానికి ఒక మనిషిని పెట్టడం మరో ప్రయత్నం. జంతికలకు, సున్నుండలకు ఆ సహాయకురాలు బాగా పనికివచ్చింది. అరిసెల పాకం మాత్రం కుదరలేదు. బెల్లం పాకాన్ని చల్లటి నీళ్లలో వేసి వేళ్లతో ఉండ చేసి చూడడం, ఆ ఉండ మరీ మెత్తనా మరీ గట్టా అన్నది తేల్చుకుని ఆ క్షణాన తడిపిండి పోయడం చూపించినంత మాత్రాన రాదు. పాకం ముదిరితే అరిసె గట్టిపడుతుంది, లేతగా ఉంటే నూనెలో విచ్చిపోతుంది. రెండు వాయిలు పాడయ్యాక ఆ ఆలోచన విడిచిపెట్టాం. పాకం అత్తగారిది, వేయించడం, నొక్కడం సహాయకురాలిది అని పని పంచాం.

యంత్రం సంగతి కూడా పరిశీలించాం. సూక్ష్మ ఆహార శుద్ధి సంస్థలకు కేంద్రం 2020లో తెచ్చిన పథకంలో అప్పట్లో పెట్టుబడి వ్యయంపై 35 శాతం రాయితీ ఉండేది, గరిష్ఠం 10 లక్షలు. వినగానే ఆకర్షణీయంగా ఉంటుంది. అయితే ఆ రాయితీ చేతికి వచ్చే నగదు కాదు. బ్యాంకు రుణానికి ముడిపడి, ఖాతాలో మూడేళ్లపాటు ఉండి, అప్పు సక్రమంగా కడుతూ యూనిట్ నడుస్తుంటేనే సర్దుబాటు అవుతుంది. ఈ వ్యాపారానికి అడ్డంకి జంతికలు వేగంగా తిప్పలేకపోవడం కాదు, తిప్పినవాటికి సమయానికి డబ్బు రాకపోవడం. అడ్డంకి లేని చోట యంత్రం పెడితే నెలసరి వాయిదా ఒక్కటే మిగులుతుంది. అందువల్ల దరఖాస్తు వేయవద్దన్నాను. పథకం మంచిదే, సమయం కాదు.

గీత అవతలి అమ్మకం

ఆమె అమ్మకంలో మూడో వంతు పాతపట్నం, టెక్కలి వైపు వెళ్లేది. బస్సులో పార్శిలు వేస్తే గంటలో చేరుతుంది. ఒకే రాష్ట్రంలో సరుకు అమ్మేవారికి ఒడిశాలో ఏడాదికి 40 లక్షల వ్యాపారం వరకు జీఎస్టీ నమోదు అక్కరలేదు. కానీ పన్ను పడే సరుకును పక్క రాష్ట్రానికి పంపితే మొదటి ప్యాకెట్ నుంచే నమోదు తప్పనిసరి, మొత్తం ఎంతన్నది లెక్క కాదు. ఎక్కడో ఉన్న భువనేశ్వర్‌కు పంపితే చిక్కు లేదు, కూతవేటు దూరంలోని పాతపట్నానికి పంపితే ఉంది. సరిహద్దు ఊళ్లలో ఇంటి వ్యాపారం చేసే చాలామందికి ఇది తెలియదు. తెలిసినవారు కూడా ఇంత చిన్న అమ్మకాన్ని ఎవరు పట్టించుకుంటారని ఊరుకుంటారు.

నమోదు తీసుకుని రెండువైపులా అమ్మడం ఒక దారి. అప్పుడు పన్ను కట్టాలి, రిటర్నులు వేయాలి, అమ్మకం లేని కాలానికీ వేయాలి. చిన్నవారికి సులువైన కాంపోజిషన్ పద్ధతి ఉంది గానీ, దాన్ని ఎంచుకున్నవారు వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు కనుక ఈ కేసుకు అది పనికిరాదు. అవతలి దుకాణాలను పూర్తిగా వదులుకోవడం మరో దారి. నెలకు ఎనిమిది వేల అమ్మకం కోసం, అందులో సగం బాకీగానే ఉన్నప్పుడు, రిటర్నుల భారం మోయడం అర్థం లేని పని అని నాకు అనిపించింది. రెండో దారినే సూచించాను. అవతలి నుంచి వచ్చి ఇంటి గడప దగ్గరే కొనుక్కుని తీసుకెళ్లేవారికి అమ్మడంలో ఇబ్బంది లేదు, అది ఇక్కడి అమ్మకమే. పార్శిళ్లు ఆగిపోయాయి. ఆమెకు ఇది మనస్కరించలేదు, పుట్టిల్లు అటే కాబట్టి మొదటి కొనుగోలుదారులు అక్కడివారే. అయినా ఒప్పుకుంది.

ఆహార భద్రతా నమోదు ఆలస్యం లేకుండా అయింది. అప్పటి నిబంధనల ప్రకారం ఏడాదికి 12 లక్షల లోపు వ్యాపారానికి మూలస్థాయి నమోదు సరిపోతుంది, రుసుము ఏడాదికి 100 రూపాయలు. లేబులు విషయంలో మాత్రం ఒక సవరణ అవసరమైంది. ఆమె ఒడియాలో, తెలుగులో చక్కగా అచ్చు వేయించింది. కానీ తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గాని, దేవనాగరిలో హిందీలో గాని ఉండాలి. మిగతా భాషలు అదనంగా ఉండవచ్చు. పాత లేబుళ్లు పారేయకుండా పక్కన చిన్న స్టిక్కరు అంటించారు.

యజమానికి చెప్పాలా అన్న ప్రశ్న కూడా వచ్చింది. నియామక పత్రంలో వేరే వ్యాపారానికి ముందస్తు అనుమతి కావాలన్న షరతు ఉంది. దాచి చేస్తే గ్రాట్యుటీ సమయంలో తగాదాకు అవకాశం ఇచ్చినట్టే. ఒక పేజీ లేఖ రాసి ఇచ్చింది, అనుమతి వచ్చింది.

ఫలించినది

దుకాణాలకు అరువు ఆపి, సగం ముందుగా తీసుకుని ఆర్డరు మీద మాత్రమే చేయడం మొదలుపెట్టాక కిలో ధర 320 అయింది. అమ్మకం మొదట పడిపోయింది, పడిపోతుందని ముందే చెప్పాను. అసలు భయం ఆర్డర్లు ఏ నెలల్లో ఉండవన్నది. పెళ్లిళ్లు, సారెలు, సంక్రాంతి మీద ఆధారపడిన తెలుగు పిండివంటలకు ఆషాఢం సన్నగిల్లే నెల, భాద్రపదం దాదాపు ఖాళీ. కొత్త కోడళ్ల ఆషాఢం సారె కొంత ఉంటుంది గానీ అది పెళ్లిళ్లంత కాదు.

ఇక్కడ పర్లాకిమిడిలో ఉండడం కలిసివచ్చింది. ఒడియా ఇళ్ల పండుగల పట్టిక వేరు. జూన్ నడుమ మూడు రోజుల రజ పండుగ, ఆషాఢంలో రథయాత్ర, ఆశ్వయుజ పౌర్ణమినాడు కుమార పూర్ణిమ, మార్గశిరంలో ప్రతి గురువారం చేసే మాణబసా లక్ష్మీపూజ. వీటన్నింటిలో పిఠాలనే పిండివంటలు ఉంటాయి, మన అరిసెలాంటి అరిసా పిఠా వాటిలో ఒకటి. అంటే తన వంటింట్లో తయారయ్యే సరుకే పక్కింటివారికి వేరే నెలల్లో కావాలి. ఇంతకాలం ఆమె అమ్మింది తెలుగు ఇళ్లకే, ఎందుకంటే వ్యాపారం సారెల నుంచి పుట్టింది. రెండు పంచాంగాలను పన్నెండు గడుల కాగితం మీద పక్కపక్కన రాసి చూస్తే నిజంగా ఖాళీగా మిగిలినవి రెండు నెలలే.

అయితే సరుకు ఒకటే అయినా అలవాట్లు ఒకటి కావు. మార్గశిర గురువారాల్లో ఒడియా ఇళ్లలో ఉల్లి, వెల్లుల్లి వాడరు. ఆమె జంతికల్లో వెల్లుల్లి కారం వేసేది. పూజ ఇళ్లవారు ప్యాకెట్ తిప్పి చదివి పక్కన పెట్టేశారు. వాము, జీలకర్ర మాత్రమే వేసిన రకాన్ని వేరే బాణలిలో, వేరే రోజున చేయడం మొదలుపెట్టి, ఆ సంగతి లేబులు మీద రాశారు. ఈ సలహా నాది కాదు, ఎదురింటి ఒడియా అమ్మగారిది. మొదటి ఏడాది కొత్త కొనుగోలుదారుల్లో ఎక్కువమందిని తెచ్చినదీ ఆవిడే.

ఉద్యోగం వదలడానికి షరతులు ముందే కాగితం మీద పెట్టుకున్నాం. ఆమె శ్రమకు తప్ప మిగిలిన అందరికీ కూలి వేశాక వరుసగా నాలుగు నెలలు 7,500 చొప్పున మిగలాలి, ఆ నాలుగింటిలో ఆషాఢం తప్పక ఉండాలి. ఈ అంకె ఊహ కాదు: తొంభై గంటల సాయంత్రపు పనికి గంటకు 82 చొప్పున వచ్చే 7,380ని కాస్త పైకి సర్దినది. ఉద్యోగం ఇచ్చే గంటకూలి కన్నా వ్యాపారం తక్కువ ఇస్తే వదలడానికి కారణం ఏముంటుంది? రెండోది, ఇంటి ఖర్చులో ఆమె వాటా నెలకు 9,000 కాబట్టి ఆరు నెలలకు 54,000 విడిగా ఉండాలి. గ్రాట్యుటీని ఇందులో కలపలేదు. అది రాజీనామా తరువాత వచ్చే డబ్బు, వచ్చాక వాణిజ్య గ్యాసు కనెక్షనుకు, తూకానికి, రెండో బాణలికి వాడుకోవచ్చు.

సెప్టెంబరు నాటికి మొదటి షరతు నెరవేరింది. రథయాత్ర ఆర్డర్లు ఆషాఢాన్ని నిలబెట్టాయి. పాత బాకీల్లో అధికభాగం వసూలైనా నిల్వ 47,000 దగ్గర ఆగింది. ఆగాలా, సాగాలా? ఇంకో రెండు నెలలు ఆగితే నిల్వ పూర్తవుతుంది గానీ దసరా, కుమార పూర్ణిమ, మార్గశిరం సాయంత్రాలకే పరిమితమై చేజారుతాయి. తగ్గిన 7,000ను అవసరమైతే భర్త దుకాణం భరిస్తుందని ఆయన స్వయంగా ఒప్పుకున్న తరువాత, అయిదేళ్లు నిండినట్టు ధ్రువీకరణ చేతికి తీసుకుని, ఆమె రాజీనామా ఇచ్చింది.

ఏడాది తరువాతి లెక్క

అక్టోబరు 2024 నుంచి సెప్టెంబరు 2025 వరకు సగటు అమ్మకం నెలకు 46,000. ముడిసరుకు, గ్యాసు, ప్యాకింగు, రవాణా 25,500. అత్తగారికి, సహాయకురాలికి 8,500. ఆమెకు మిగిలినది 12,000. పాత జీతం చేతికి వచ్చినదాని కన్నా తక్కువ, దాని అసలు విలువ కన్నా మరీ తక్కువ. జనవరిలో దీనికి రెండింతలకు మించి మిగిలింది. భాద్రపదంలో 3,000 దాటలేదు, ఆ నెల నిల్వలోంచి తీయవలసి వచ్చింది.

గంటల లెక్క ఇంకా ఎక్కువ చెబుతుంది. సాయంత్రాలు చేసినప్పుడు గంటకు 82 దాటి మిగిలిన పని, రోజంతా చేసినప్పుడు 67కు దిగింది. పని గంటలు రెండింతలయ్యాయి, మిగులు కాలేదు. మంచి ధర ఇచ్చే ఆర్డర్లు అప్పటికే సాయంత్రాల్లో తీరుతున్నాయి. కొత్తగా వచ్చిన గంటలు కొత్త కొనుగోలుదారులను వెతకడానికి, చిన్న ఆర్డర్లకు, ఖాళీ రోజులకు పోయాయి. సాయంత్రపు లాభాన్ని రెండుతో గుణించి పగటి లాభాన్ని ఊహించే ప్రతివారికీ ఇప్పుడు ఈ రెండు అంకెలు చూపిస్తున్నాను.

దీన్ని విఫలమని నేను అనను. ఇదివరకు రోజుకు పదకొండు గంటలు పనిచేసిన మనిషి ఇప్పుడు ఏడు గంటలు చేస్తోంది. పిల్లల బడి వేళకు ఇంట్లో ఉంటోంది. రాత్రి పది తరువాత పొయ్యి వెలగదు కాబట్టి నూనె కారే అరిసెలు లేవు, తిరిగి వచ్చే ప్యాకెట్లూ లేవు. ఒక్క ఉద్యోగం విలువతో పోల్చితే వీటికి ఆమె కట్టుకున్న వెల నెలకు సుమారు 5,000, అప్పటి సాయంత్రపు మిగులునూ కలిపితే అంతకు మించే. ఆ బేరం ఆమెకు నచ్చింది, వెల ముందే తెలుసు. భర్త రాబడి అసలు లేని ఇంట్లోనైతే ఇదే అంకె మీద నేను వద్దని చెప్పి ఉండేవాణ్ణి. అద్దె ఇంట్లో ఉన్నవారికీ, నెలసరి వాయిదా ఉన్నవారికీ ఈ కేసును నమూనాగా తీసుకోవద్దని చెబుతాను.

ప్రస్తుత స్థితి

పాతపట్నం వైపు నుంచి అడిగేవారు పెరిగారు. ఇప్పుడు వారు నెలకు పాతికవేల వరకు ఆర్డర్లు ఇస్తామంటున్నారు, సగం ముందుగా కట్టడానికీ సిద్ధం. ఈ స్థాయిలో జీఎస్టీ నమోదు ఖర్చు భరించదగినదే కనుక సాధారణ పద్ధతిలో దరఖాస్తు వేయిస్తున్నాను. ఇంటి చిరునామానే వ్యాపార స్థలంగా చూపాలి, విద్యుత్తు బిల్లు ఆమె పేరు మీద లేదు కనుక అత్తగారి సమ్మతి పత్రం తీసుకున్నాం. పాకం విషయం ఇంకా తేలలేదు. సహాయకురాలు రోజూ ఒక చిన్న వాయి పాకం అత్తగారి ఎదుట పడుతోంది, అమ్మకానికి పనికివచ్చేవి ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. అవి నిలకడగా వచ్చేవరకు అవతలి ఆర్డర్లలో అరిసెలు సగానికి మించి ఒప్పుకోవద్దని, మిగిలిన సగం జంతికలు, సున్నుండలతో నింపమని చెప్పాను.